ముక్కలన్నయ్య

మా ముక్కలన్నయ్య తన జన్మలో ఎవరికీ ఏదీ మొత్తంగా ఇచ్చి ఎరగడు. టీ ఇచ్చినా ముక్కే, సలహా ఇచ్చినా ముక్కే, తిట్టు తిట్టినా ముక్కే. పోనీ ఇచ్చి ఊరుకునేవాడా అంటే అదీ లేదు. ఇది ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా, మొత్తం ఎంతలో ఎంత అన్నది తీర్పు చదివినట్టు చదివి మరీ ఇచ్చేవాడు.

"చెల్లెమ్మా, నీకు మూడు మాటలు చెప్పాలి. ఇవాళ మొదటిది."

"మూడూ ఇప్పుడే చెప్పెయ్, అన్నయ్యా. నాకు అవతల బోలెడు పనుంది."

"మొదటిది. నీ కుర్చీ కాలు ఊగుతోంది."

మిగతా రెండూ కూడా ఆ కుర్చీ గురించేనని నేను కిందపడ్డాక తెలిసింది. రెండోది, ఎడమపక్కకి వాలకు. మూడోది, వాలితే బల్ల పట్టుకో. నడుం పట్టుకుని మూలుగుతుంటే పక్కన నిలబడి ఆ రెండూ వరసగా చెప్పాడు. నేను ఏమన్నానో ఇక్కడ రాయను.

మాది గొంతులు దాచే ఆఫీసు. కుమ్మరులు, వడ్రంగులు, దర్జీలు, ఇలా చేతిపని చేసుకునేవాళ్ళు తమ పని గురించి తామే మాట్లాడి రికార్డు చేసిస్తే, మేం కంప్యూటర్లోకి ఎక్కించి భద్రం చేస్తాం. ఎవరైనా ఇంట్లో కూర్చుని ఫోన్లో వినొచ్చు. వినడం వరకే. కాపీ తీసి ఎవరికీ ఇవ్వం, ఆ గొంతులవాళ్ళకి మేం ఇచ్చిన మాట అది. ముందు గదిలో ఫిర్యాదుల బల్ల నాది. వెనక గదిలో, అద్దం తలుపు అవతల, పగలంతా ఫ్యాన్లు గుయ్యిమంటుండే సర్వర్ అన్నయ్యది. అడిగినవాళ్ళ ఫోనుకి గొంతు పంపే యంత్రం అది. పందొమ్మిదేళ్ళు దాంతో కాపురం చేసి చేసి దాని బుద్ధులే ఈయనకొచ్చాయని నేనంటాను. కాదు, ఈయన బుద్ధులే దానికొచ్చాయని ఆయన భార్య, ఆఫీసు వరసలో నాకు వదిన, అంటుంది.

ఒకసారి సెలవుచీటీ పెట్టాడు. "అయ్యా, నాకు సెలవు కావలెను" అని ఒక్క ముక్క, దాని కింద "మూడు పేజీల్లో ఒకటవది" అని ఉంది. ఎందుకు కావాలో రెండో పేజీలో, ఎన్నాళ్ళు కావాలో మూడో పేజీలో ఉన్నాయట. ఆ రెండూ మా పెద్దసారు బల్ల మీదికి చేరేసరికి మనిషి సెలవు గడిపేసి వచ్చి కూర్చున్నాడు.

ఇంకోసారి పెద్దసారు అందరి ముందూ అన్నయ్యని కేకలేశాడు. అన్నయ్య నెమ్మదిగా లేచి, "సార్, మీ మీద నాకొచ్చిన కోపం మొత్తం నాలుగు వంతులు. ఇది మొదటిది" అని తలుపు దభీమని వేసి వెళ్ళాడు. మిగతా మూడు వంతులూ ఎప్పుడు మీద పడతాయో తెలియక పెద్దసారు వారం రోజులు గోడవారగా నడిచాడు. ఎనిమిదోరోజు తనే అద్దం తలుపు తోసుకుని వెళ్ళి, "అదేదో ఇచ్చెయ్యవయ్యా బాబూ, అన్నం సహించడం లేదు" అన్నాడు.

"అది చల్లారిపోయింది సార్. ఇంక లేదు" అన్నాడు అన్నయ్య, అయ్యో మీకు చెప్పడం మరిచానే అన్న మొహంతో.

ఇలాంటి మనిషిని ఎలా కట్టుకున్నావు వదినా అని అడిగాను. "మొదటిసారి మాట్లాడుకున్నప్పుడు, నా గురించి మీకు తెలియాల్సినవి పది ఉన్నాయి, ఇవాళ ఒకటి నుంచి మూడు అన్నారు. ఈ తిక్కమనిషి మనకొద్దే అన్నాడు మా నాన్న. మిగతా ఏడూ ఏమిటో తెలియకపోతే నాకు తోచదని నేనే పట్టుబట్టాను" అంది.

"తెలిశాయా మరి?"

"తొమ్మిదిదాకా వచ్చాం. తొమ్మిదోది గురక."

నాకు ఓపిక తక్కువ. ఏదైనా గుక్కలో తాగెయ్యాలి, గుక్కలో చెప్పెయ్యాలి. అందుకని ఒకరోజు ఒళ్ళు మండి నిలదీశాను. "ఇదేం రోగం అన్నయ్యా? మొత్తం చెబితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"రోగం కాదు చెల్లెమ్మా, పద్ధతి. ఇలా రా" అని సర్వర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఎవరో ఒకాయన ఇరవై నిమిషాలు విన్నాడనుకో. లైను తెగింది. మళ్ళీ కలిశాక ఆయన ఫోను ఏమంటుంది? ఇరవైదాకా నా దగ్గరుంది, అక్కణ్ణుంచి ఇప్పించండి అంటుంది. మనవాడు ఆ ముక్కే తీసి, దాని నెత్తిన చీటీ అంటించి పంపుతాడు. ఇది ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా, మొత్తం ఇంత అని. ఆ చీటీనే హెడర్ అంటాం. రెండొందల ఆరు అని ఒక నంబరు కూడా వేస్తాడు. ఇచ్చింది ముక్కే, కానీ దాచింది ఏమీ లేదు అని దానర్థం."

"లేని ముక్క అడిగితే?"

"యాభై నిమిషాల దాంట్లో డెబ్భయ్యో నిమిషం అడిగితే నాలుగొందల పదహారు. మీరడిగినంత మా దగ్గర లేదండీ, ఉన్నది ఇంతే అని మర్యాదగా చెబుతాడు. నీలాగా కసురుకోడు."

ఎందుకడిగానా అనిపించింది. ఆరోజు నుంచి నేను ఒక పని మీద ఇంకో పని చెబితే చాలు, తల ఎత్తకుండా "నాలుగొందల పదహారు" అనేవాడు.

పోయినేడాది మా పెద్దసారుకి వేగం పిచ్చి పట్టింది. సర్వర్ ముందు కొత్త పెట్టె ఒకటి పెట్టించాడు. ఎవరేం అడిగినా ముందు దాన్నే అడగాలి, అది సర్వర్‌ని అడిగి తెచ్చిస్తుంది. మంచి లైనున్నవాళ్ళకి గొంతులు రెక్కలు కట్టుకుని వెళ్ళేవి. కానీ ఆ పెట్టెకి ముక్కల సంగతి తెలియదు. ఇరవయ్యో నిమిషం నుంచి ఇప్పించండి అని ఫోను అడిగితే, ఆ మాట అక్కడే మింగేసి, మొదటి నుంచి మొత్తం అందుకునేది.

అప్పుడు నా బల్ల మీద ఫోను మోగింది. పెద్దాయన గొంతు.

"అమ్మా, మా ఆవిడ పన్నెండో నిమిషం దగ్గర ఆగిపోతోందమ్మా."

"అయితే డాక్టరుకి చూపించండి, ఇక్కడికెందుకు చేశారూ?" అన్నాను, నా ధోరణిలో.

"ఆవిడ పోయి ఏడాదైందమ్మా" అన్నాడాయన.

ఆయన దర్జీ. ఆవిడ నలభై ఏళ్ళు ఆయన కుట్టిన బట్టలకి కాజాలు కుట్టింది. ఆయనకి చెప్పకుండానే మా దగ్గర రికార్డరు తీసుకుని, తన పని గురించి మాట్లాడి ఇచ్చింది. పోయాక మా ఉత్తరం అందితే ఆయనకి తెలిసింది. అప్పటినుంచీ రోజూ ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం, పన్నెండో నిమిషంలో లైను తెగడం, మళ్ళీ కలిస్తే మొదటికి రావడం.

"ఇప్పటికి వందసార్లు విన్నానమ్మా. ఇంకా నా దాకా రాలేదు. దారాల రంగుల దగ్గరే ఉంది" అన్నాడు. "నా గురించి ఏమైనా అందేమో తెలుసుకోవాలని, అంతే. నాకు డెబ్భై తొమ్మిది. మోకాళ్ళు పోయాయి, మీ ఆఫీసుదాకా రాలేను. నా ఫోన్లో లైను నిలవదు, మాట్లాడ్డానికి మా ఇంటి కింద మందుల షాపతను రోజూ నాలుగింటికి అయిదు నిమిషాలు తన ఫోను వాడుకోనిస్తాడు, అందులోంచే చేస్తున్నా."

నంబరు రాసుకుని అన్నయ్యకిచ్చాను. అన్నయ్య అది పట్టుకుని తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్ళాడు. ఆ రోజు ముక్కలు లేవు, చీటీలు లేవు. గోడ ఇవతల నాకు అంతా వినిపించింది.

"మొత్తం ఇస్తుంటే ముక్కలు కావాలంటావేమిటయ్యా?"

"మొత్తం పట్టుకునే చెయ్యి అందరికీ ఉండదు సార్."

"చూద్దాంలే. పెట్టె అమ్మినవాళ్ళకి రాస్తాను. వాళ్ళు వచ్చి మార్చాలి, మనం ముట్టుకోకూడదు."

రాశాడు. వాళ్ళు వస్తామన్నారు. నెలలు గడిచాయి గానీ పిట్ట మనిషి రాలేదు.

ఆ రోజుల్లోనే అన్నయ్య నా బల్ల దగ్గరికొచ్చి, "చెల్లెమ్మా, నా ఒంటి గురించి నీకు అయిదు కబుర్లు చెప్పాలి. ఇవాళ మొదటిది. కడుపులో నొప్పి" అన్నాడు. నేను జీలకర్ర నమలమన్నాను. మూడు వారాల తరువాత రెండోది చెప్పాడు, పరీక్షలు చేయించుకున్నానని. ఇంకో నెలకి మూడోది, మందు ఎక్కిస్తున్నారని. మనిషి చొక్కాలో ఊగుతున్నాడు. కళ్ళ ముందు కరిగిపోతుంటే నా భయమంతా కోపంగా బయటికొచ్చింది.

"నన్నిలా కొంచెం కొంచెం కాల్చకు. ఆ ఉన్నదేదో మొత్తం చెప్పి చావు!" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. రోజుకి పదిసార్లు ఎవరో ఒకర్ని అనే మాటే. కానీ ఆయన్ని అన్నాను.

అన్నయ్య పకపకా నవ్వాడు. "రెండు పనులూ ఒకేసారి చెప్పకు. నాలుగొందల పదహారు" అని అద్దం తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

ఆరోగ్యం అలా ఉన్నా ఆఫీసు మానలేదు. నాలుగు కాగానే తలుపు బిగించుకుని ఎవరికో ఫోను చేసేవాడు. అద్దంలోంచి కనిపించేది. రిసీవరు పట్టుకుని ఏదో చెప్పడం, దాన్ని ఎత్తి పక్కన పెట్టడం, కాసేపటికి మళ్ళీ తీసుకుని నవ్వడం. "నాలుగింటికి ఎవరితోనయ్యా ఆ సరసం? వదినకి చెప్పనా?" అంటే "చెప్పు, కానీ ముక్కలు ముక్కలుగా చెప్పు" అనేవాడు. నాలుగో కబురు అడుగుదామనుకుంటూనే ధైర్యం చాలక ఊరుకున్నాను. ఒక సోమవారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. గురువారం పోయాడు.

వదినని చూడ్డానికి వెళ్ళాను. వంటింట్లో గట్టు మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నేను ఏడ్చాను. "మిగతా రెండూ నాకు చెప్పనేలేదు వదినా. నేనే నోరు పారేసుకున్నాను" అన్నాను.

"డాక్టరు ఆయనకి ఒక్కరోజులో మొత్తం చెప్పేశాడే. ఆయన ఇంటికొచ్చి నాకు రెండు నెలలు చెప్పారు" అంది వదిన. "మొదటి రోజే అంతా చెప్పుంటే నేను మంచం దిగేదాన్ని కాదు. మొత్తం అయిదనీ, ఇవాళ ఇంతేననీ అనేవారు. ఇంకా ఉందని తెలుసు. కానీ ఆ పూటకి అన్నం వండుకోగలిగేదాన్ని."

నేను ఆఫీసుకి తిరిగొచ్చాను. ఆ వెనక గది చూసేవాళ్ళు లేక తాళాలు నాకిచ్చారు. ఫ్యాన్లు అలాగే గుయ్యిమంటున్నాయి. నాలుగైంది. అన్నయ్య బల్ల మీద ఫోను మోగింది.

"బాబూ, వారం రోజుల్నుంచి నువ్వు చెయ్యకపోతే నేనే చేశా. ఆఖరిసారి ముప్ఫై ఆరో నిమిషం దగ్గర ఆపాం."

దర్జీ బాబాయిగారు. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరువాత అర్థమై, అన్నయ్య కుర్చీలో కూలబడ్డాను. పెట్టెని ముట్టుకోకూడదన్నారు కదా, అందుకని ఈయన తనే సర్వర్ అయి కూర్చున్నాడు. మందుల షాపతను ఇచ్చే అయిదు నిమిషాల్లో రోజుకి మూడు నిమిషాల చొప్పున, వెనక గదిలో రికార్డు వేసి, రిసీవరు స్పీకరు దగ్గర పెట్టి, ఆ ముసలాయనకి ఆయన పెళ్ళాం గొంతు వినిపించాడు. మందు ఎక్కించుకుని వచ్చిన రోజుల్లో కూడా.

"నేను ఫిర్యాదుల బల్ల అమ్మాయిని, బాబాయిగారూ" అన్నాను. గుక్కలో చెప్పేసే నా నోటికి ఆ మాట రాలేదు. "ఆయన గురించి మీకు మూడు కబుర్లు చెప్పాలి. ఇవాళ మొదటిది. ఒంట్లో బాగాలేదు."

"మిగతా రెండూ వద్దులే అమ్మా" అన్నాడాయన. "మా ఆవిడప్పుడు డాక్టరు కూడా ఇలాగే మొదలుపెట్టాడు." ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "ఎంత మంచి బాబు! రోజూ, మొత్తం యాభై ఎనిమిది నిమిషాలండీ, ఇవాళ ఇంతండీ అని చెప్పి మరీ వేసేవాడు. చెవిలో పోసినట్టుండేది."

"ఇవాళ నేను వేస్తాను" అన్నాను. అన్నయ్య గుర్తు పెట్టిన చోటు వెతుక్కుని, గొంతు సవరించుకుని, "ముప్ఫై ఆరో నిమిషం నుంచి ముప్ఫై తొమ్మిదిదాకా, మొత్తం యాభై ఎనిమిది" అని చెప్పి, రిసీవరు స్పీకరు దగ్గర పెట్టాను.

"మా ఆయన కుట్టిన చొక్కా చూసి అందరూ కుట్టు బాగుందంటారు" అంటోంది ఆవిడ. "కాజా ఎవరూ చూడరు. చూడక్కర్లేదు, పిగలకపోతే చాలు. ఒక్క మా ఆయన మాత్రం, చొక్కా మడత పెట్టేముందు ప్రతి కాజా మీదా వేలు పెట్టి రాసి చూస్తాడు. బాగుందని నోరు తెరిచి ఒక్కసారీ అనలేదు. వేలు పెట్టి చూస్తాడు, అంతే. నాకది చాలు." కాసేపు ఆగి, "ఇంక అయిపోయిందండీ. ఇది ఎక్కడ నొక్కితే ఆగుతుందో" అంది. టక్కుమంది.

రిసీవరు తీసుకున్నాను. బాబాయిగారు వెక్కుతున్నాడు. "వచ్చిందమ్మా. నా దాకా వచ్చింది."

"అయిపోయింది, బాబాయిగారూ."

"అదేంటమ్మా? యాభై ఎనిమిది కదా?"

ఆ రికార్డు తాలూకు కార్డు తీసి చూశాను. "ముప్ఫై తొమ్మిది తరువాత ఖాళీ" అని ఉంది. రాసింది నేనే. చివరిదాకా వినే ఓపిక ఎప్పుడేడ్చింది నాకు? "తరువాత ఖాళీ అండీ" అన్నాను.

"ఉండదమ్మా. బాబు అబద్ధం చెప్పడు. బాబాయిగారూ, ఆఖర్న మీరు కూడా ఉన్నారు, తొందరపడకండి, వేళకి మందులేసుకోండి అన్నాడు. అందుకే వేసుకుంటున్నా. లేకపోతే ఆ మాత్రలు ఎవడు మింగుతాడు?"

అయిదు నిమిషాలు అయిపోయి ఫోను తెగింది. మర్నాడు నాలుగింటికి నేనే చేశాను. ఆఫీసు ఫోను అరిగిపోతోందని ఎవరు చెప్పారో, పెద్దసారు అద్దం తలుపు తోసుకుని, "ఏమిటమ్మా ఇది, రోజూ..." అంటూ వచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టి ఊరుకోమన్నాను. నా మొహం ఎలా ఉందో ఏమో, ఊరుకున్నాడు.

"ముప్ఫై తొమ్మిదో నిమిషం నుంచి నలభై రెండుదాకా, మొత్తం యాభై ఎనిమిది" అని రికార్డు పెట్టాను. బుస్సుమని గాలి చప్పుడు. దాని వెనక ఎక్కడో టకటకటకటక అని సన్నగా వినిపిస్తోంది. మిషను పాడైందేమో అనుకుని ఆపబోయాను.

రిసీవరులోంచి కేక వినిపించింది. "ఆపకమ్మా! అది నేనే! నా మిషనే అది, పక్క గదిలో కుడుతున్నా!"

ఆవిడ నొక్కింది తప్పు బొత్తాం. రికార్డరు ఆగలేదు. టకటక సాగి సాగి, టప్పున ఆగిపోయింది. దూరంగా ఆవిడ గొంతు లేచింది. "తెగిందా దారం? కళ్ళజోడు పెట్టుకోమని ఎన్నిసార్లు మొత్తుకోవాలి మీతో?"

"నాకు కనిపిస్తోందే" అంది రికార్డులో బాబాయిగారి గొంతు.

"ఏం కనిపిస్తోందీ, నా తలకాయ! సూది తెచ్చి ఇటివ్వండి, నేనెక్కిస్తా. మొండి మనిషి!"

పెద్దసారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఫక్కున నవ్వు బయటికొచ్చేసింది. నేనూ నవ్వాను, కళ్ళు కారుతూనే ఉన్నాయి. రిసీవరు చెవికి ఆనించుకున్నాను.

"అమ్మా, మళ్ళీ వెయ్యవూ?" అన్నాడు బాబాయిగారు.

"మొదట్నుంచా?"

"మొదట్నుంచి ఎందుకమ్మా? తిట్టిన ముక్క ఒక్కటీ చాలు."

పెద్దసారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఆ చోటు వెతికి పట్టుకుని, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకానో, మొత్తం ఎంతో చెప్పి, రిసీవరు స్పీకరు పక్కన పెట్టాను.

"మొండి మనిషి!" అంది ఆవిడ.

"అవునే, అవును" అన్నాడు బాబాయిగారు.